కానగుర్తకు నల్లచుక్క

మాఘ అమావాస్య వెళ్లిన మర్నాడు, మధ్యాహ్నం మూడున్నర. విశాఖపట్నంలో జోడుగుళ్లపాలెం దగ్గర రోడ్డు దిగి ఇసుకలోకి వచ్చేసరికి సముద్రం బాగా వెనక్కి పోయి ఉంది. రోజూ అలల కింద దాక్కునే నల్లరాళ్లు ఆవేళ వీపులు బయటపెట్టి ఎండలో మెరుస్తున్నాయి. పైన బీచ్ రోడ్డు మీద బస్సుల హారన్లు, ఐస్‌క్రీం బండి గంట. కింద మేం పద్నాలుగు మందిమి. ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, ఒక రిటైర్డ్ టీచరు, కొందరు కాలేజీ పిల్లలు, నాన్న చెయ్యి పట్టుకుని వచ్చిన ఎనిమిదేళ్ల పాప. ఆ పాప చంకలో డ్రాయింగ్ పుస్తకం.

"చెప్పులు విప్పకండి, ఆలుచిప్పల అంచులు బ్లేడులా కోస్తాయి" అని ముందే చెప్పాడు మమ్మల్ని తీసుకెళ్లిన కుర్రాడు. జంతుశాస్త్రం చదివాడట. సెలవు రోజుల్లో ఇలా జనాన్ని తీరం వెంట తిప్పుతుంటాడు. రాళ్ల మధ్య గంగాళమంత గుంట ఒకటి చూపించి, "ఇక్కడ పది నిమిషాలు కూర్చుందాం. మాట్లాడొద్దు. మీ నీడ నీళ్ల మీద పడనివ్వొద్దు" అన్నాడు.

మొదటి రెండు నిమిషాలు ఆ గుంటలో ఏమీ లేదు. ఇసుక, నాలుగు గవ్వలు, కాస్త నాచు, అంతే. మూడో నిమిషంలో ఒక గవ్వ నడిచింది. దాని మూతి దగ్గర ఎర్రటి కాళ్లు, రెండు కాడల చివర కళ్లు. సన్యాసి పీత. ఇంకాసేపటికి రాతి రంగులోనే ఉన్న వేలెడంత చేప ఒకటి మొప్పలు ఆడించింది. నాచు అనుకున్న ముద్ద మెల్లగా విచ్చుకుని పువ్వయింది. అది సీ అనిమోన్, పువ్వు కాదు, జంతువు. రాతి గోడకు అంటుకుని ఉన్న తెల్లటి పొక్కుల్లాంటివి నోళ్లు తెరిచి, లోపలి నుంచి ఈకల్లాంటి చేతులు చాచి నీళ్లను దువ్వడం మొదలుపెట్టాయి. పాప నాన్న చెయ్యి వదిలేసి రాయి మీద బోర్లా పడుకుంది.

నేను ఈ ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాను. ఆ రాళ్ల మీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు తిన్న సాయంత్రాలకు లెక్క లేదు. ఆ తెల్లటి పొక్కులకు ప్రాణం ఉందని మాత్రం ఆ రోజే చూశాను.

వాటి పేరు బార్నకిల్. చూడ్డానికి గుల్లలా ఉన్నా అది నత్త జాతి కాదు, రొయ్యకూ పీతకూ చుట్టం. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల మొదట సముద్రంలో ఈదుతూ తిరుగుతుంది. పలుమార్లు చర్మం విడిచి, చివరికి తిండి మానేసి, ఒకే ఒక్క పని మీద బయల్దేరుతుంది. అది చోటు వెతుక్కోవడం. ముందున్న రెండు మీసాలతో రాతి మీద నడుస్తూ తడిమి చూస్తుంది. పక్కన తన జాతివాళ్లున్నారా, రాయి గరుకుగా ఉందా, నీళ్ల ఒరవడి ఎలా ఉంది అని చూసుకుంటుంది. నచ్చితే తల దగ్గరి గ్రంథుల నుంచి జిగురు వదిలి, తలకిందులుగా అతుక్కుపోతుంది. ఇక కదలడం ఉండదు. చుట్టూ సున్నపు పలకలతో ఇల్లు కట్టుకుని, పోటు వచ్చినప్పుడల్లా తలుపు తీసి, కాళ్లతో నీళ్లలోని సూక్ష్మజీవుల్ని నోట్లోకి తోసుకుంటూ బతుకుతుంది. మేం చేతులనుకున్న ఈకలు నిజానికి దాని కాళ్లే. ఆటుకు నీళ్లు దిగిపోతే తలుపు బిగించి, లోపల దాచుకున్న నాలుగు చుక్కల నీటితో గంటల తరబడి ఎండను ఓర్చుకుంటుంది.

సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తగ్గుతుంది. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య దాదాపు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అందుకే మన గడియారం లెక్కన పోటు వేళ రోజూ దాదాపు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రులిద్దరూ ఒకే వరసలో నిలిచి లాగుతారు గనుక ఆ రోజుల్లో నీరు ఎక్కువ ఎత్తుకు ఎక్కి, ఎక్కువ లోతుకు దిగుతుంది. విశాఖ దగ్గర ఆ తేడా సుమారు ఒకటిన్నర మీటర్లు. దీనికితోడు బంగాళాఖాతం మట్టమే అక్టోబరు, నవంబరు నెలల్లో కంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో తక్కువగా ఉంటుంది. గాలులు, ప్రవాహాలు, నీటిలో ఉప్పుశాతం, వెచ్చదనం కలిసి చేసే మార్పు ఇది. మాఘ, ఫాల్గుణ మాసాల్లో అమావాస్య పక్కరోజుల్ని ఈ నడకలకు ఎంచుకునేది అందుకే. ఏడాదంతా కనిపించని రాతి మెట్టు ఆ కొద్ది గంటలే బయటపడుతుంది.

ఆ రాయిని పై నుంచి కిందికి చూస్తే అంతస్తులు తెలుస్తాయి. అన్నిటికంటే పైన, తుంపర తప్ప నీరు అందని చోట, గోటి కంటే చిన్న నత్తలు నెర్రెల్లో దూరి ఉంటాయి. దాని కింద బార్నకిల్ పట్టీ. ఆ కింద రాతికే అచ్చుగుద్దినట్టు అతుక్కున్న ఆలుచిప్పలు. ఇంకా కిందికి పచ్చ నాచు, గోధుమరంగు నాచు, అనిమోన్లు. ఈ గీతలు ఎవరు గీశారు?

1961లో జోసెఫ్ కానెల్ అనే శాస్త్రవేత్త ఈ ప్రశ్నకు స్కాట్లండ్‌లోని కంబ్రే దీవి తీరంలో జవాబు వెతికి ప్రచురించాడు. అక్కడ రెండు రకాల బార్నకిల్స్ ఉన్నాయి. చిన్న రకం పైన, పెద్ద రకం కింద. కానెల్ కింది అంతస్తులో కొన్ని చోట్ల పెద్దవాటిని గీకి తీసేసి, చిన్నవాటి సంగతి గమనించాడు. అవి కింద కూడా హాయిగా పెరిగాయి. అంటే చిన్నవి పైన ఉంటున్నది అక్కడ సుఖమని కాదు. కింద పెద్దవి వాటి మీదికెక్కి, పక్క నుంచి తోసి, పెళ్లగించి పారేస్తున్నాయి గనుక. పెద్దవి పైకి ఎక్కలేకపోవడానికి కారణం ఎండ. పై గీతను ఎండ, కింది గీతను ఇరుగుపొరుగు గీస్తున్నాయని తేలింది. వేరే తీరాల్లో జాతులు మారతాయి, వివరాలు మారతాయి. కానీ రాయి ముందు కూర్చున్నవాడు అడగాల్సిన ప్రశ్న అదే: ఇది ఇక్కడ ఎందుకుంది, ఒక జానెడు కింద ఎందుకు లేదు?

మరో అయిదేళ్లకు, 1966లో, అమెరికా పడమటి తీరంలో రాబర్ట్ పెయిన్ ఇంకో పని చేసి చూపించాడు. రాళ్ల మీది నక్షత్ర చేపల్ని ఏరి సముద్రంలోకి విసిరేస్తూ పోయాడు. నక్షత్ర చేప తినే ఆలుచిప్పలకు అడ్డు లేకుండా పోయింది. అవి రాయంతా ఆక్రమించాయి. మొదట పదిహేను జాతులున్న చోట ఎనిమిది మిగిలాయి. కమాను నడినెత్తిన ఉన్న రాయిని లాగేస్తే మిగతావి రాలిపోయినట్టు, ఒక్క జీవి లేకపోతే కాపురమంతా చెదిరిపోవచ్చునన్న ఆలోచన అలా పుట్టింది. పర్యావరణ శాస్త్రంలోని పెద్ద మాటలు కొన్ని అడవుల్లో కాదు, మోకాలిలోతు గుంటల దగ్గర పుట్టాయి.

మన గుంటల దగ్గరా పని జరిగింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మేడలకూ ఈ రాళ్లకూ దూరం తక్కువ. అక్కడి వృక్షశాస్త్ర విభాగానికి చెందిన ఉమామహేశ్వరరావు, శ్రీరాములు విశాఖ తీరపు రాళ్ల మీద నాచు ఏ ఎత్తులో ఏ కాలంలో పెరుగుతుందో రాసి 1964లో ప్రచురించారు. జంతుశాస్త్రంలో ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి, బాలపరమేశ్వరరావు ఇదే రాళ్ల మీది లింపెట్ అనే నత్తను ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆ లింపెట్ పేరు సెల్లానా రేడియేటా. రాతి మీద బోర్లించిన చిన్న గొడుగులా ఉంటుంది. అది రాతి మీద ఎంత ఎత్తులో కాపురముంటుందో దాన్నిబట్టి చిప్ప ఆకారం ఎలా మారుతుందన్నది వారి ప్రశ్నల్లో ఒకటి. ఆ వ్యాసాలు ప్రపంచ పత్రికల్లో అచ్చయ్యాయి. రోజూ ఆ రాళ్ల పక్కన వాకింగ్ చేసే వేలమందిలో ఎందరికి ఆ సంగతి తెలుసు? చెప్పినవాళ్లు లేరు. అందుకే ఈ నడకలు నాకు ముఖ్యమనిపిస్తాయి.

పది నిమిషాలు అయ్యాక కుర్రాడు అందరికీ తలా ఒక కాగితం, పెన్సిలు ఇచ్చాడు. "ఫోన్లు జేబులో పెట్టెయ్యండి. ముందు బొమ్మ, తర్వాత ఫొటో." బ్యాంకు ఉద్యోగి ఒకాయన మొహమాటపడ్డాడు. "నాకు బొమ్మలు రావు బాబూ." "రావక్కర్లేదు సార్. ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టి అన్ని గీయండి, చాలు."

ఆ ఒక్క మాటలో చాలా ఉంది. నాకు పక్కనే ఉన్న లింపెట్ దొరికింది. ఫొటో తీస్తే సెకనులో అయిపోయేది. గీయబోతే మొదటి గీతకే ఆగిపోయాను. చిప్ప కొస నడిమధ్యన ఉందా, ఒక వైపుకు జరిగి ఉందా? ఒక వైపుకే. కొస నుంచి అంచుకు దిగే గీతలన్నీ ఒకే మందమా? కాదు, ఒక లావుపాటి గీతకూ మరో లావుపాటి గీతకూ మధ్య సన్నవి ఉన్నాయి. అంచు గుండ్రంగా ఉందనుకున్నాను. కాదు, వంకర టింకరగా ఉంది. ఆ వంకరలు సరిగ్గా రాతి వంకరల్లోనే కూర్చున్నాయి. పాత్రకు మూత పట్టినట్టు.

దాని గురించి కుర్రాణ్ని అడిగాను. నీరు వచ్చినప్పుడు లింపెట్ రాతి మీద పాకుతూ, ముళ్ల పట్టీలాంటి నాలుకతో నాచు గీక్కుని తింటుంది. చాలా జాతుల లింపెట్‌లు ఆటుకు ముందే తమ చోటికి తిరిగి వచ్చి, అంచు రాతి గుర్తులో సరిగ్గా పట్టేలా తిరిగి కూర్చుంటాయి. తాను విడిచి వెళ్లిన జిగురు జాడను పట్టుకుని వస్తుందని ఒక వివరణ. మెత్తటి రాయి అయితే రాయి అరుగుతుంది, గట్టి రాయి అయితే చిప్ప అరుగుతుంది. మొత్తానికి ఆ చిప్ప ఆ ఒక్క చోటుకే సరిపోతుంది. ఆ బిగింపు వల్ల లోపలి తడి ఆరదు. దాన్ని సరదాకు పీకి, మళ్లీ జాగ్రత్తగా పక్కన పెట్టినా దానికి ఇల్లు పోయినట్టే. ఇదంతా కుర్రాడు ముందే చెప్పి ఉంటే విని మరిచిపోయేవాణ్ని. అంచు వంకరను గీశాక అడిగాను గనుక మరిచిపోను.

కుర్రాడు సంచీలోంచి ప్లాస్టిక్ తొడుగు వేసిన కాగితం ఒకటి తీశాడు. పాత పుస్తకంలోని చేప బొమ్మకు జిరాక్సు. కింద ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు పేరు: కానగుర్త.

ఆ బొమ్మకు రెండు వందల ఏళ్లు దాటాయి. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగులకు వైద్యం చేసినవాడు. తమ్ముడు ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖకు వస్తుంటే తోడుగా వచ్చి, ఇక్కడి జీవుల మీద మనసు పారేసుకున్నాడు. 1785లో కంపెనీ ఆయన్ను ప్రకృతి పరిశోధకుడిగా నియమించింది. పాముకాట్లకు జనం చనిపోతున్నారు. ఏది విషప్పాము, ఏది కాదో బొమ్మ చూసి ఎవరైనా పోల్చుకోగలగాలి అన్నది ఆయన తపన. స్థానిక చిత్రకారుల చేత పాముల్ని గీయించాడు. ఆ పుస్తకం 1796లో లండన్‌లో వచ్చింది. 1803లో విశాఖ తీరపు రెండు వందల చేపల బొమ్మలతో రెండు సంపుటాలు వచ్చాయి.

ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే, బొమ్మ కింద ఇక్కడివాళ్లు పిలిచే పేరే రాశాడు. రక్తపింజరికి ఆయన రాసుకున్న పేరు కాటుక రేకుల పొడ. ఆ పాము ఒంటి మీది నల్లటి అంచుల మచ్చల్ని చూసిన వాళ్లకు ఆ పేరు పెట్టినవాడి కన్ను ఎంత నిశితమైనదో అర్థమవుతుంది. పసుపు, నలుపు పట్టీల కట్లపామును బంగారం పాము అని రాశాడు. ఆ 'బంగారం' నుంచే కట్లపాముల ప్రజాతికి 1803లో 'బంగారస్' అనే శాస్త్రీయ నామం వచ్చింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ కట్లపాము శాస్త్రీయ నామం రాసినా ఆ తెలుగు మాట రాయక తప్పదు. ముట్టుకుంటే షాకు కొట్టే చేప బొమ్మ కింద తెమిరీ అని ఉంది. చెయ్యి తిమ్మిరెక్కించే చేప కాబట్టి తిమిరి.

కానగుర్త కథ ఇంకా ముచ్చటైనది. కొందరు కానాగంత అంటారు. మనం పులుసు పెట్టుకునే చేపే. పారిస్‌లో కూర్చున్న జార్జి క్యువియే, ఆ కాలపు ప్రాణిశాస్త్రానికి పెద్ద దిక్కు, 1816లో ఈ చేపకు శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆయనకు ఆధారం రస్సెల్ పుస్తకంలోని ఆ బొమ్మ. దాని కింద రాసి ఉన్న తెలుగు పేరునే జాతి నామంగా తీసుకున్నాడు. ఇప్పటికీ దాని పేరు రాస్ట్రెల్లిగర్ కానగుర్త. ఎర్రసముద్రం నుంచి పసిఫిక్ దీవుల దాకా ఆ చేప ఎక్కడ దొరికినా అదే పేరు. సాధారణంగా ఒక జాతికి సాక్ష్యంగా మ్యూజియంలో ఒక నమూనా ఉంటుంది. దీనికి విశాఖ రేవులో ఒక జాలరి పేరు చెబితే, ఒక చిత్రకారుడు చూసి గీసిన బొమ్మే సాక్ష్యం. ఆ జాలరి పేరు గానీ, ఆ చిత్రకారుడి పేరు గానీ మనకు దక్కలేదు. ఆ ఇద్దరి పేర్లూ తెలిసి ఉంటే ఈ బీచ్ రోడ్డు మీద వాళ్లకు విగ్రహాలు పెట్టమని అడిగేవాణ్ని.

బొమ్మలకూ నడకలకూ మరో ముఖం కూడా ఉంది. దాన్ని దాచి మాట్లాడటం తప్పు. ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గోస్ అనే ఆయన 1853లో డెవన్ తీరపు గుంటల గురించి ఒక పుస్తకం రాశాడు. బొమ్మలు తనే వేసుకున్నాడు. అనిమోన్ల రంగులు పుటల మీద వెలిగిపోయాయి. 1855లో ఇల్ఫ్రాకోంబ్ తీరాన జనాన్ని వెంటబెట్టుకుని నడిపించి పాఠాలు చెప్పాడు. ఇవాళ మనం చేస్తున్నది అప్పుడే చేశాడు. ఆ పుస్తకాలు చూసి వేలమంది బుట్టలు, ఉలులు పట్టుకుని సముద్రానికి పరుగెత్తారు. ఇంట్లో గాజు తొట్టెలో పెట్టుకోవాలని అనిమోన్లను రాళ్లతో సహా చెక్కుకుపోయారు. ఆయన కొడుకు ఎడ్మండ్ గోస్ 1907లో రాసిన ఆత్మకథలో, తండ్రి చూపించిన ఆ అందమైన గుంటలు ఎలా కొల్లబోయాయో, అందుకు తన పుస్తకాలే కారణమయ్యాయని తండ్రి ఎంత బాధపడ్డాడో చెప్పుకొచ్చాడు.

అందుకే మా కుర్రాడు నడక మొదట్లోనే చేతులు కట్టేశాడు. రాయి ఎత్తితే మెల్లగా ఎత్తాలి, చూశాక ఎలా ఉందో అలాగే దించాలి. రాతి కింది జీవి నీడలో బతికేది, తిరగేసి వదిలేస్తే త్వరగా ఎండిపోతుంది. బార్నకిల్స్ మీద అడుగు వెయ్యకూడదు. మెత్తటి గుండీల్లా గుంపులుగా పరుచుకున్న జోయాంథిడ్లను ముట్టుకోకూడదు, వాటిలో కొన్ని జాతులకు పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. శంకువు ఆకారపు నత్తల్లో కుట్టి ప్రాణం తీసేవి ఉన్నాయి. ఖాళీ గవ్వ అయినా సరే ఇంటికి పట్టుకెళ్లకూడదు.

ఖాళీ గవ్వ దగ్గర పాప అడ్డం తిరిగింది. "ఇందులో ఎవరూ లేరు కదా అన్నా?" కుర్రాడు సన్యాసి పీతను చూపించాడు. దాని ముందు సగానికే పెంకు ఉంటుంది. వెనక సగం మెత్తగా, మెలి తిరిగి, ఏ రక్షణా లేకుండా ఉంటుంది. చచ్చిపోయిన నత్త గవ్వలో ఆ సగాన్ని దాచుకుని తిరుగుతుంది. ఒళ్లు పెరిగితే ఇంకా పెద్ద గవ్వ కావాలి. సరైన గవ్వ ఒకటి దొరికితే చిన్నా పెద్దా పీతలు దాని దగ్గర చేరతాయి. పెద్దది కొత్త గవ్వలోకి మారితే, దాని పాతది రెండోదానికి, రెండోదాని పాతది మూడోదానికి. ఒక్క గవ్వ ఖాళీ అయితే వరసగా నాలుగైదు పీతలకు కొత్త ఇళ్లు. "నువ్వు ఆ గవ్వ పట్టుకెళ్తే వీళ్లంతా బిగుతు చొక్కాలతోనే ఉండిపోతారు" అన్నాడు. పాప గవ్వను తీసిన చోటే పెట్టింది. కాసేపాగి వచ్చి, మూతి పైకి ఉండేలా సర్దింది.

విశాఖలో ఈస్ట్ కోస్ట్ కన్సర్వేషన్ టీమ్ లాంటి స్వచ్ఛంద బృందాలు కొన్నేళ్లుగా ఇలా జనాన్ని తీరం మీద నడిపిస్తున్నాయి. ముంబయిలో 2017లో మొదలైన మెరైన్ లైఫ్ ఆఫ్ ముంబయి అక్కడి హాజీ అలీ, గిర్గాం చౌపాటీ రాళ్ల దగ్గర ఇదే పని చేస్తోంది. అంత రద్దీ మహానగరం అంచున పగడపు జీవులున్నాయని చాలామంది ముంబయివాసులు ఆ నడకల వల్లే తెలుసుకున్నారు. ఫొటోలు, తేదీలు, చోట్లు ఐనేచురలిస్ట్ వంటి వేదికల్లోకి ఎక్కిస్తే అవి పరిశోధకులకు పనికొస్తాయి. ఒక జాతి ఏ ఏడాది కనిపించింది, ఏ ఏడాది మాయమైంది అన్న లెక్క సామాన్యుల చేతుల్లో తయారవుతోంది.

2011 లెక్కల నాటికే 17 లక్షలు దాటిన ఊరు మాది. అంత ఊరి బరువు ఈ రాళ్లు ఎలా మోస్తున్నాయో కూడా ఆ రోజు చూశాం. ఒక గెడ్డ సముద్రంలో కలిసే చోట రాళ్లన్నీ పచ్చగా మెరుస్తున్నాయి. టీచరమ్మ "ఎంత పచ్చగా ఉందో!" అని మురిసింది. ఆ పచ్చదనం ఉల్వా అనే నాచు. పాలకూరాకు కంటే పల్చగా ఉంటుంది, కాలు వేస్తే జారుతుంది. మురుగునీటిలోని నత్రజని, భాస్వరం దానికి ఎరువు. గెడ్డ నుంచి దూరం జరిగే కొద్దీ నాచు రకాలు పెరిగి, ఆ ఒక్క పచ్చ పల్చబడింది. ఊరి ఆరోగ్యం చదవడానికి ల్యాబ్ రిపోర్టు ఒక్కటే మార్గం కాదు. ఏ రాయి ఏ రంగులో ఉందో నోట్సులో గీసుకుంటూ యాభై అడుగులు నడిస్తే చాలా తెలుస్తుంది.

రాత్రిపూట దీపాల సంగతీ అంతే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఊరి ఇసుకలోనే గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వందకు అటూ ఇటూ. ఇసుక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. ఒకటిన్నర రెండు నెలల్లో పిల్లలు రాత్రివేళ ఇసుక తవ్వుకుని బయటికొచ్చి, ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు పాకుతాయి. లక్షల ఏళ్లుగా ఆ వెలుతురు నీళ్ల మీది ఆకాశానిదే. ఇప్పుడు అది బీచ్ రోడ్డు దీపాలది. అటవీశాఖ గుడ్లను ఏరి కంచెలో పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతోంది. ఆ వదిలే ఉదయాలకు జనాన్ని రానిస్తారు. అరచేతిలో పట్టేంత తాబేలు మొదటి అల తగిలి వెనక్కి దొర్లి, మళ్లీ లేచి నడవడం ఒక్కసారి చూసిన పిల్లవాడు, రాత్రి ఆ లైట్లు ఎందుకు అంతసేపు వెలగాలని ఇంట్లో అడక్క మానడు.

గోడల మీది బొమ్మల గురించి ఒక మాట. మన ఊళ్లను అందంగా చెయ్యాలనుకున్నప్పుడల్లా గోడలకు రంగులు వేయిస్తున్నారు. మంచి పని. కానీ ఆ గోడల మీద ఎక్కువగా కనిపించేవి డాల్ఫిన్లు, పులులు, సినిమాలో చూసిన నారింజరంగు చేపలు. న్యూయార్క్‌లో 2014లో మొదలైన పక్షి చిత్రాల పథకం నాకు గుర్తొస్తుంది. పక్షుల చిత్రకారుడు జాన్ జేమ్స్ ఆడుబాన్ చివరి రోజులు గడిపిన పేటలోనే, వాతావరణ మార్పు వల్ల ముప్పులో పడ్డ పక్షుల్ని దుకాణాల షట్టర్ల మీద, మేడల గోడల మీద వేస్తూ పోతున్నారు. ముప్పున్న జాతుల జాబితా మొదట 314, తర్వాత 389 అయింది. ప్రతి బొమ్మా నిజమైన జాతిదే, ఊహించిన పిట్ట కాదు. వాటిని చూపిస్తూ నడకలూ జరుగుతున్నాయి. జాలారిపేట గోడ మీద లింపెట్ బొమ్మ ఆరడుగుల ఎత్తున, గీతలు లెక్క తప్పకుండా ఉంటే ఎలా ఉంటుంది? పక్కన కాటుక రేకుల పొడ, కానగుర్త, తిమిరి, ప్రతి బొమ్మ కిందా రస్సెల్ రాసుకున్న తెలుగు పేరు. ఆ పేర్లు ఈ పేటలవాళ్ల పూర్వీకులు చెప్పినవి. వాటిని వాళ్ల గోడల మీదికి తిరిగి తేవాలని నాకు గట్టిగా ఉంది.

అయిదున్నరకు నీరు తిరగబెట్టింది. మొదట గుంట అంచున ఒక తుంపర, తర్వాత నాలుకలా ఒక చిన్న అల, ఇంకో పావుగంటకు మేం కూర్చున్న రాయి మీదికే నీళ్లు. తలుపులు బిగించుకున్న బార్నకిల్స్ మళ్లీ విప్పుకుంటున్నాయి. లేచి రోడ్డెక్కాం.

తిరిగి వస్తూ పెదజాలారిపేట దగ్గర ఆగాం. ఒడ్డున తట్టల్లో చేపలు, చుట్టూ ఆడవాళ్లు. పాప కానగుర్త వైపు వేలు చూపించింది. కుర్రాడి కాగితంలోని చేప అదేనని ఎవరూ చెప్పలేదు. తట్ట పక్కనే కూలబడి గీయడం మొదలుపెట్టింది. చేపలమ్మే పెద్దావిడ కాసేపు చూసి, ఒక చేపను తీసి దాని నోరు వేలితో విప్పింది. లోపల రెండు పక్కలా పొడుగాటి ఈకల్లాంటివి, దువ్వెన పళ్లలా. నీళ్లను అందులోంచి వడగట్టి తిండి పట్టుకుంటుంది ఆ చేప. శాస్త్రీయ నామంలో మొదటి మాటకు లాటిన్‌లో చిన్న పళ్ల పారను మోసేది అని అర్థం, గడ్డి గీకే పార. ఆ మాట ఆవిడకు తెలియదు, ఆ పళ్లు మాత్రం తెలుసు.

పాప బొమ్మ పూర్తి చేసి చూపించింది. వీపు మీద చారలున్నాయి, తోక సరిగ్గా చీలి ఉంది. ఆవిడ కాగితాన్ని చేతికి తడి తగలకుండా కొంగుతో పట్టుకుని చూసింది.

"బాగేసినావు తల్లీ. మరి సుక్కేది?"

"ఏ చుక్క?"

ఆవిడ చేప పక్క రెక్కను గోటితో ఎత్తింది. దాని కింద మినపగింజంత నల్లమచ్చ. పాప రబ్బరు వెతకబోయి, అక్కర్లేదని గుర్తొచ్చి, పెన్సిలు ములికిని కాగితం మీద ఆనించి గట్టిగా తిప్పింది.